జతలక్క మెమో

మా ల్యాబులో ఎముకలు కడిగే ఆవిడను అందరం జతలక్క అనేవాళ్లం. ఒక పెట్టెలోని ఎముకలు కడిగేటప్పుడు ఎన్ని జతల గ్లవుజులు మార్చిందో ఎప్పటికప్పుడు నోటుపుస్తకంలో రాసుకునేది, అందుకని ఆ పేరు. ఎవరూ రాయమనలేదు. పెట్టె నంబరు, తేదీ, పక్కన ‘రెండు జతలు’ అనో ‘మూడు జతలు’ అనో ఉండేది. అలాంటి పుస్తకాలు పదకొండు నింపింది. ఇవన్నీ ఎవరికి చూపిస్తావక్కా అని ఏడిపిస్తే, పెద్దసారు ఏదో ఒకరోజు అడక్కపోడు, అప్పుడు మీ అందరి నోళ్లూ మూతపడతాయి అనేది.

పెద్దసారు అడగలేదు. మెమో ఇచ్చాడు. దాన్ని టైపు చేసింది నేనే.

నేను అక్కడ రికార్డుల గుమస్తాని. పోలీసులు పంపే రక్తం, వెంట్రుకలు, ఎముకల నుంచి డీఎన్ఏ తీసి అవి ఎవరివో తేల్చడం మా ల్యాబు పని. చెయ్యని నేరానికి తొమ్మిదేళ్లు జైల్లో మగ్గిన మనిషి మా రిపోర్టుతో బయటపడ్డ రోజున ఆఫీసంతా మిఠాయిలు పంచుకున్నాం. గొప్ప పనే, కాదనను. అయితే ఆ పనిలో చేరే ప్రతివాళ్లూ ముందు తమ డీఎన్ఏ ఇవ్వాలి. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి తీసుకుంటారు. మాలో ఎవరి ఉమ్మి తుంపరో నమూనాలో పడితే పట్టుకోవడానికి ఆ సిబ్బంది జాబితా. ఇంక దేనికీ దాన్ని వాడబోమని రాసిచ్చారు. మేం చదవకుండానే సంతకాలు పెట్టాం.

ఆరేళ్ల కిందట మురుగుకాలువ వెడల్పు చేస్తుంటే ఎముకలు బయటపడ్డాయి. ఎవరో ఆడమనిషివి. జతలక్క కడిగి ఇచ్చింది. ఏళ్ల తరబడి నీళ్లలో నానడంతో డీఎన్ఏ చాలావరకు చెడిపోయి, అందులో పోల్చి చూసే గుర్తుల్లో ఎనిమిది మాత్రమే దొరికాయి. అందులో ఏడు జతలక్క డీఎన్ఏతో కలిశాయి. పరీక్ష చేసిన ఆఫీసరు ఒక పన్ను తీసి మళ్లీ చూడొచ్చు. చూడలేదు. ఇలాంటివి కనపడగానే మావాళ్లకు ముందు గుర్తొచ్చేది మా సిబ్బంది చేతులే. కడిగినావిడ చెయ్యి తగిలి నమూనా పాడైందని రాసి, పెట్టెను స్టోరురూముకు పంపించేశాడు.

జతలక్క నోటుపుస్తకం పట్టుకుని పెద్దసారు గదికి వెళ్లింది. ఆరోజు మూడు జతలు మార్చానని, చూడమని బతిమాలింది. ఆయన పుస్తకం తెరవనైనా లేదు.

“మిషను అబద్ధం చెప్పదమ్మా” అన్నాడు.

తప్పు ఆవిడదేనని మెమో ఇచ్చి, ఆవిణ్ణి ఎముకల గదినుంచి తీసేసి గాజుసామాను కడిగే గదిలో పడేశారు. ఆరేళ్లు సీసాలు కడుగుతూ, ఎవరు కనపడినా నా చెయ్యి తగల్లేదు, నా చెయ్యి తగల్లేదు అంటూ అదే పాట పాడింది. మొదట్లో అయ్యో అన్నవాళ్లే తర్వాత ఆ గది ముందునుంచి నడవడం మానేశారు. నేనూ మానేశాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, నిజం అది.

జతలక్కకు ఒక చెల్లెలుంది. చెప్పుల దుకాణంలో పనిచేసేది. పన్నెండేళ్ల కిందట ఒక సాయంత్రం దుకాణం నుంచి బయల్దేరి ఇంటికి చేరలేదు. జతలక్క పోలీసులకు రాసిన కాగితాన్ని వాళ్లన్నయ్య నాలుగు ముక్కలుగా చింపాడు. ఎవడితోనో పోయుంటుంది, పరువు బజారున పెట్టకు అన్నాడట. చెప్పగా చెప్పగా జతలక్క కూడా అదే నమ్మింది. టీ తాగేటప్పుడు చెల్లెలి మాటొస్తే చాలు, ఆవిడకు కోపమే వచ్చేది. పోతే పోయింది, ఒక్క ఫోనైనా చెయ్యకూడదా అనేది.

ఈ ఏడాది కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ తేలని పాత పెట్టెలన్నీ మళ్లీ తీసింది. కాలువ పెట్టెలోంచి ఒక దవడపన్ను తీసి కొత్త మిషను మీద చూస్తే డీఎన్ఏ మొత్తం వచ్చింది. నన్ను ఫైలు తెమ్మని, తలుపు వేయమంది.

“ఇది జతలక్కది కాదండీ. ఆవిడ తోడబుట్టినవాళ్లది” అంది.

ఆవిడకున్న ఆడతోబుట్టువు ఒక్కతే అని చెప్పాను. ఆఫీసరమ్మ ఫైలు మూసి లేచింది.

ఇద్దరం పెద్దసారు దగ్గరికి వెళ్లాం. సిబ్బంది జాబితాతో చుట్టాలను వెతక్కూడదన్నాడాయన. ఒకళ్లు ఇచ్చిన నమూనాతో ఇంటిల్లిపాదీ బయటపడతారు, ఆ ఇంటివాళ్లెవరూ సంతకం పెట్టలేదు కదా, ఇవాళ మంచికే వాడామంటే రేపు దేనికి వాడతారో ఎవరు చెప్పొచ్చారు అన్నాడు. ఒళ్లు మండింది. ఆయన మాటలో తప్పు దొరక్కపోవడంతో ఇంకా మండింది. జతలక్కను దోషిగా నిలబెట్టడానికి పనికొచ్చిన జాబితా, ఆవిడ చెల్లెల్ని చూపించడానికి మాత్రం పనికిరాదట.

పోనీ, ఆవిడే చెల్లెలు తప్పిపోయిందని కంప్లయింటు ఇచ్చి, బంధువుగా కొత్త నమూనా ఇస్తే దారి ఉంది. కానీ ఆ సంగతి ఆవిడకు చెప్పకుండా ఎలా ఇమ్మంటాం? చెబితే జాబితా వాడినట్టే. ఫైలు ల్యాబు నియమాల కమిటీకి వెళ్లింది. నాలుగు నెలలు అక్కడే కూర్చుంది. గుట్టు బయటపెడితే ఉద్యోగం పోతుందని నా చేత కూడా సంతకం పెట్టించుకున్నారు. పక్కగదిలో సీసాల చప్పుడు వినపడుతూనే ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక, ఇప్పుడైనా మీ చెల్లెలి గురించి కంప్లయింటు ఇవ్వరాదా అక్కా అన్నాను. విసురుగా చూసింది.

“కావాలంటే అదే రావాలి తమ్ముడూ. నేనెందుకు వెతకాలి?”

నా గదికి వచ్చేశాను.

చివరికి కమిటీ తేల్చింది ఒకటే ముక్క: నమూనా పాడవడానికి సిబ్బంది కారణం కాదు గనక మెమో రద్దు. మిగతాది, కొత్త నియమాలు వచ్చేదాకా ఎవరికీ చెప్పరాదు. ఆ కాగితాన్నీ నేనే టైపు చేశాను, నేనే తీసుకెళ్లి ఇచ్చాను.

జతలక్క తడిచేతులు తుడుచుకుని రెండుసార్లు చదివింది. ఆరేళ్ల తర్వాత ఆవిడ నవ్వడం చూశాను. బీరువాలోంచి ఆ ఏటి పుస్తకం లాగి, చూశావా మూడు జతలు, చూశావా అంటూ నా ముఖం ముందు ఆడించింది. అందరికీ చూపించి వస్తానని గబగబా గుమ్మందాకా వెళ్లి ఆగిపోయింది. పంతొమ్మిదేళ్లు ఆ ల్యాబులో ఉన్న మనిషి. ఆవిడకు ఒకరు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

“ఎనిమిదింట్లో ఏడు కలిశాయన్నారు కదా” అంది మెల్లగా. “నాది కాకపోతే, మరి నాలా ఉన్నది ఎవరిది?”

నేను తల దించుకున్నాను.

జతలక్క స్టూలు మీద కూలబడింది. పుస్తకం తెరిచి ఆ పేజీ ఒళ్లో పెట్టుకుంది.

“పసిపిల్లకి నీళ్లు పోసినట్టు కడిగాను తమ్ముడూ. ఒక్కసారైనా వట్టి చేత్తో ముట్టుకోలేదు.”

సంతకం సంగతి తర్వాత చూసుకుందాం అనుకుని, స్టోరురూము తాళం తెస్తాను పద అన్నాను. పెట్టె నంబరు నేను చెప్పనక్కర్లేకపోయింది. అది ఆవిడ పుస్తకంలోనే ఉంది.