పరారీలో ఉన్న డ్రైవరు

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు ప్రొద్దుటూరు కాలేజీలో మా ఇంగ్లీషు మేడం ఒక పద్ధతి పెట్టింది. వారంలో ఏదో ఒక రోజు లైబ్రరీకి పోయి ఇంగ్లీషు పేపరు తిరగేయాలి. ఒక వార్త ఎంచుకుని దాని మీద ఒక పేజీ రాయాలి. శనివారం చివరి పీరియడ్‌లో లేచి నిలబడి అందరి ముందు చదవాలి. ఆ పీరియడ్‌లో తెలుగు మాట వినిపించకూడదు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన మాకు అదొక గండం. 

మొదట్లో అందరం ఒకే రకంగా రాసేవాళ్లం. వరద వార్తయినా, ఉల్లిగడ్డల ధర వార్తయినా, ఇది చాలా బాధాకరం, ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి అని ముగించేవాళ్లం. మేడం పూజారుల ఇంట పుట్టిన మనిషి. గొంతు పెంచి మాట్లాడేది కాదు. ఓపిగ్గా కొన్ని వారాలు విని ఒకరోజు తనే తెలుగులోకి దిగింది.

"ప్రభుత్వం సంగతి ప్రభుత్వం చూసుకుంటుందిలే. మీరు వార్తలో ఒక మనిషిని పట్టుకోండి. ఆ మనిషి ఏం చేసినాడు, ఎందుకు చేసినాడు, అది రాయండి" అంది.

అప్పటి నుంచి ఆ పని కొంచెం ఇష్టమైంది. మైలవరం జలాశయంలో వలకు చేపలు పడక వెనక్కి వచ్చిన ఒకతని మీద రాశాను. పరీక్ష హాలుకు ఆలస్యంగా వచ్చి గేటు దగ్గర ఆగిపోయిన పిల్ల మీద రాశాను. రాయాలంటే వాళ్ల ఇల్లు, వాళ్లమ్మ, వాళ్లు పొద్దున ఏం తిని బయలుదేరారో కూడా ఊహించుకోవాల్సి వచ్చేది.

మా నాయన లారీ డ్రైవరు. తాత గొర్రెలు కాసేవాడు. నాయన కూడా పెళ్లయ్యేదాకా గొర్రెల వెంటే తిరిగాడట. తర్వాత క్లీనరుగా ఎక్కి, డ్రైవరయ్యి, ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి సిమెంటు లోడు తోలేవాడు. ఇంట్లో ఉండే రోజులు తక్కువ. అయితే యాడున్నా సాయంత్రం పూట ఫోన్ చేసేవాడు. తిన్నారా అని అడిగి పెట్టేసేవాడు, అంతే.

ఆ వారం బుధవారం సాయంత్రం ఫోన్ రాలేదు. అమ్మ చేస్తే స్విచ్ఛాఫ్ అని వచ్చింది. చార్జింగు అయిపోయుంటుందిలే అంది అమ్మ. గురువారం పొద్దున కూడా అదే. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఫోను చేతిలోంచి దించలేదు.

మధ్యాహ్నం లారీ ఓనరు మా ఇంటికే వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో నిలబడి, "నీ మొగుడు యాడుండాడు?" అని అడిగాడు.

"మీ లారీ మీదే కదన్నా పోయినాడు. ఏంది, ఏమైంది?" అంది అమ్మ.

"ఏమైందా. జమ్మలమడుగు రోడ్డులో ఎవర్నో గుద్దినాడు. లారీని ఆన్నే వదిలేసి పరిగెత్తినాడు. లారీ ఇప్పుడు స్టేషన్‌లో ఉంది. ఫోనొస్తే నాకు చెప్పు. పోలీసోళ్లు రాకముందే నేను మాట్లాడాల" అని, ఇంకో మాట లేకుండా వెళ్లిపోయాడు.

దెబ్బ తగిలిన మనిషి బతికున్నాడా, పోయాడా అని అడగాలని మాకిద్దరికీ తోచలేదు. తోచేసరికి ఓనరు బండి వీధి మలుపు తిరిగింది. అమ్మ ఫోన్ చేస్తే ఓనరు ఎత్తలేదు.

సాయంత్రం ఒక కానిస్టేబులు వచ్చి ఇల్లంతా చూసి పోయాడు. పక్కింటివాళ్లు తలుపులు దగ్గరగా వేసుకున్నారు. మా అమ్మ ఆ రాత్రి బువ్వ వండి ముట్టలేదు.

శుక్రవారం నేను కాలేజీకి పోయాను. ఇంట్లో కూర్చుంటే ఊపిరాడేటట్టు లేదు. నేరుగా లైబ్రరీకి పోయి జిల్లా వార్తల పేజీ తీశాను. కింద మూలన నాలుగు వాక్యాలున్నాయి. పాలు పోసి ఇంటికి వస్తున్న ఒకతన్ని సిమెంటు లారీ ఢీకొట్టిందని, అతనికి తీవ్ర గాయాలయ్యాయని, డ్రైవరు అక్కడి నుంచి పారిపోయాడని రాశారు. చివరి వాక్యంలో నాకు తెలియని మాట ఒకటుంది. డిక్షనరీ తీసి చూశాను. పరారీలో ఉన్న అని అర్థం రాసుంది.

తీవ్ర గాయాలు అంటే మనిషి బతికి ఉన్నట్టే కదా అనుకున్నాను. కానీ అది అంతకుముందు రోజు రాసిన వార్త. ఆ తర్వాత ఏమైందో ఎవరు చెప్పాలి? నాలుగు వాక్యాలూ కాగితం మీద ఎక్కించుకుని బయటికి వచ్చాను.

శనివారం క్లాసుకి టమోటా రైతు మీద రాసుకుని పోయాను. నా వంతు దగ్గరికి వస్తోంది. నా ముందు బెంచీలోని అమ్మాయిది జమ్మలమడుగు. రోజూ బస్సులో వచ్చి పోయేది. ఆ పిల్ల లేచి తన పేజీ చదవడం మొదలుపెట్టింది. రెండు వాక్యాలు వినగానే నాకు తెలిసిపోయింది. అదే వార్త. పాలు పోసే ఆయన వాళ్ల వీధి మనిషేనట. వాళ్లింటికి కూడా ఆయనే పోస్తాడట. ఆ డ్రైవరుకు గుండె లేదు, రోడ్డు మీద మనిషి నెత్తురు కారుతూ ఉంటే దొంగ మాదిరి పరిగెత్తినాడు, వాళ్లింట్లో కూడా పిల్లలుంటారు కదా, వాళ్ల ముఖం ఎట్లా చూస్తాడు అని చదివింది. ఎప్పుడూ తడబడే పిల్ల ఆ రోజు ఒక్క చోట కూడా ఆగలేదు.

"బాగుంది. అయితే ఎందుకు పరిగెత్తినాడో రాయలేదే?" అని అడిగింది మేడం, ఇంగ్లీషులో.

తాగి ఉంటాడు అని ఒకరు, లైసెన్సు ఉండదు అని ఒకరు అన్నారు. వాళ్లంతా అంతే మేడం అని వెనక నుంచి ఎవరో అన్నారు.

తర్వాత నా వంతు. లేచాను. చేతిలో టమోటా పేజీ ఉంది. అక్షరాలు కనపడుతున్నాయి గానీ చదవబుద్ధి కాలేదు.  మేడం నా పేరు పిలిచింది. అప్పుడు, మనసులో తెలుగులో అనుకుని మార్చుకోకుండానే, నోట్లోంచి ఇంగ్లీషులో మాట వచ్చింది.

"మేడం, ఆ డ్రైవరు మా నాయన."

 ముందు బెంచీ అమ్మాయి మెల్లగా వెనక్కి తిరిగింది. తిడుతుందేమో అనుకున్నాను. తెలుగులో, చాలా చిన్నగా, "ఆయన బతికే ఉండాడు. కాలు విరిగింది. కడప ఆస్పత్రిలో ఆపరేషన్ చేసినారు. నిన్న మా అమ్మ చూసొచ్చింది, మాట్లాడతాండాడంట" అంది.

 మేడం క్లాసు ఆపి నన్ను బయటికి తీసుకుపోయింది.

"మీ నాన్న ఎక్కడున్నాడో తెలుసా?"

"తెలీదు మేడం."

"తెలిస్తే నాకు చెప్పు. మా అన్న జమ్మలమడుగు కోర్టులో గుమాస్తా. ఒంటరిగా స్టేషన్‌కు పోవద్దు, వకీలును వెంటబెట్టుకుని పోవాల, ఆయనుంటే ఎవరూ కొట్టరు. కానీ పోవాల్సిందే. ఆలస్యమయ్యే కొద్దీ ఆయన మాట ఎవరూ నమ్మరు."

ఇంటికి పోయేసరికి అమ్మ చీర మార్చుకుని సిద్ధంగా ఉంది. పులివెందుల దగ్గర చీనీ తోట, అదే బత్తాయి తోట, కౌలుకు చేసుకుంటున్న మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఫోన్ చేశాడట. నాయన మూడు రోజులుగా ఆ తోటలోనే ఉన్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట. కానీ కూడు ముట్టడం లేదని, ఎవరితోనూ పలకడం లేదని, ఒంటరిగా వదలాలంటే భయంగా ఉందని మామ చివరికి ఒట్టు తప్పి ఫోన్ చేశాడు.

"పాలు పోసే ఆయన బతికే ఉండాడని నాయనకు చెప్పమను మామను" అన్నాను.

అమ్మ ఫోన్ చేసింది. మామ ఎత్తలేదు. బస్సు ముద్దనూరు దాటేదాకా చేస్తూనే ఉంది. తోటలో సిగ్నలు సరిగా ఉండదు. నాయనను ఒంటరిగా వదలాలంటే భయంగా ఉందని మామ అన్న మాట మాత్రం మా ఇద్దరి మధ్యా సీట్లో కూర్చున్నట్టే ఉంది. అమ్మ నా మణికట్టు పట్టుకుని దిగేదాకా వదల్లేదు.

మామ పులివెందుల బస్టాండుకు ఆటో తెచ్చాడు. "ఎట్లుండాడు?" అంది అమ్మ. "ఉండాడు" అన్నాడు మామ. ఆ ఒక్క మాటతో అమ్మకు ప్రాణం లేచి వచ్చింది.

తోట మధ్యలో మోటారు గది. నాయన గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. చెప్పుల్లేవు. పరిగెత్తేటప్పుడు ఊడిపోయాయట. పాదాల నిండా ముళ్ల గాట్లు. మమ్మల్ని చూసి లేవలేదు.

"సచ్చిపోయినాడు కదా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

"లేదు నాయనా. బతికే ఉండాడు. కాలు విరిగింది, ఆపరేషన్ చేసినారు. మా క్లాసు పిల్ల వాళ్ల వీధే."

నమ్మలేదు. నన్ను తీసుకుపోడానికి అబద్ధం చెప్తాండావు అన్నాడు. నేను వార్త రాసుకున్న కాగితం తీసి ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదివి, తర్వాత తెలుగులో చెప్పాను. నాయన శ్రద్ధగా విన్నాడు.

"నా పేరు రాసినారా?"

"లేదు. డ్రైవరు అని మాత్రమే."

"ఆయప్పది?"

"ఆయనదీ లేదు. పాలు పోసే మనిషి అని."

 తర్వాత తనే చెప్పడం మొదలుపెట్టాడు. సందులోంచి బైకు ఉన్నట్టుండి రోడ్డెక్కిందట. బ్రేకు తొక్కాడట, లారీ ఆగలేదట. దిగి చూస్తే మనిషి పక్కకి పడి మూలుగుతున్నాడు. అంతలో టీ కొట్టు దగ్గర నుంచి జనం కేకలేసుకుంటూ వస్తున్నారు. క్లీనరుగా ఉన్నప్పుడు ఇట్లాగే ఒక డ్రైవరును కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టడం నాయన కళ్లతో చూశాడు.

"అదే కండ్ల ముందర మెదిలింది. కాళ్లు వాటంతటవే పరిగెత్తినాయి" అన్నాడు.

పేపర్లో రాసింది తప్పేమీ కాదని అప్పుడు నాకు అర్థమైంది. పారిపోయాడు, నిజమే. క్లాసులో వాళ్లు అన్నవేవీ నిజం కావు, అదీ నిజమే.

అప్పుడు మామ అసలు సంగతి చెప్పాడు. ఓనరు తోట జాడ కనుక్కుని మనిషిని పంపాడట. నాయన బదులు ఇంకో డ్రైవరును స్టేషన్‌లో అప్పజెప్తాడట. నాయన కొన్నాళ్లు కనపడకుండా ఉంటే చాలట.

"నన్నడిగితే అదే మేలు బావా. చల్లారేదాకా గమ్మునుండు" అన్నాడు మామ.

 నాయన నన్ను చూశాడు. నువ్వేమంటావు అని అడిగినట్టే ఉంది.  స్టేషన్‌కు పొమ్మని నేనన్నాక నాయన జైలుకు పోతే ఆ తప్పు నాదవుతుంది. అక్కడే ఉండిపోతే అదీ నాదే అవుతుంది. మేడం అన్న మాట మాత్రం చెప్పాను. వకీలును పెట్టుకుని పోవచ్చునంట, కొట్టనివ్వరంట అన్నాను.

నాయన చాలాసేపు పాదాలకు గుచ్చుకున్న ముళ్లను గోటితో పీకుతూ కూర్చున్నాడు.

"నా బదులు పోయేటోనికి కూడా పెండ్లాం పిల్లలు ఉంటారు కదరా" అన్నాడు చివరికి, మామతో. "చెప్పులుంటే ఇయ్యి. పోదాం పా."

పులివెందులకు వచ్చాక నేను మేడంకు ఫోన్ చేసి చెప్పాను. మరునాడు పొద్దున జమ్మలమడుగు బస్టాండులో మేడం, వాళ్లన్న మా కోసం నిలబడి ఉన్నారు. ఆదివారం కాబట్టి వకీలు ఇంటికి పోయి ఆయన్ను వెంటబెట్టుకుని స్టేషన్‌కు పోయాం. దారి పొడవునా నాయన తువ్వాలు తల మీంచి తీయలేదు. ప్రతి పాల బండికీ ఉలిక్కిపడ్డాడు. నన్నూ అమ్మనూ వరండాలో కూర్చోబెట్టారు. లోపలి మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"ఇన్ని రోజులు యాడుంటివి?"

"చీనీ తోటలో సార్."

"ఎందుకు పరిగెత్తినావు?"

"కొడతారని సార్."

తర్వాత ఒక కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది. అమ్మ కళ్లు మూసుకుంది. కాసేపటికి వకీలు బయటికి వచ్చి, కాగితాలు రాస్తున్నారు, భయమేం లేదు అన్నాడు. సాయంత్రానికి జామీను మీద వదిలారు. కేసు జమ్మలమడుగు కోర్టులో చాలాకాలం సాగి, నాయన తప్పు ఒప్పుకున్నాక జరిమానాతో ముగిసింది. ఆ ఓనరు మళ్లీ మా గడప తొక్కలేదు.

ఇది అంతటితో అయిపోలేదు. పాలు పోసే ఆయన ఆస్పత్రి నుంచి వచ్చాక నాయన చూడడానికి పోయాడు. తోడు నేనూ పోయాను. మొదటిసారి ఆయన భార్య లోపలికి రానివ్వలేదు. వాకిట్లో నిలబడి మమ్మల్ని చూస్తూ ఉండిపోయింది. తిరిగి వచ్చేశాం. కొన్ని వారాల తర్వాత మళ్లీ పోయాం. ఈసారి ఆయనే లోపల నుంచి రమ్మన్నాడు. మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆయన తిట్టలేదు. "బైకు నాదే తొందరైంది, నాకు తెలుసు" అన్నాడు. ఆగి, "అయినా, నువ్వు నన్ను ఎత్తి ఒక ఆటోలో ఏసింటే సాలు కదప్పా. శానాసేపు ఆన్నే పడి ఉంటి" అన్నాడు.

నాయన ఏదో చెప్పబోయాడు. కరెంటు స్తంభం సంగతి చెప్తాడేమో అనుకున్నాను. చెప్పలేదు. "అవునప్పా" అన్నాడు. ఆయన భార్య మాకు టీ ఇచ్చింది. తాగి వచ్చేశాం.

కొంతకాలానికి నాయన వేరే ఓనరు దగ్గర లారీ ఎక్కాడు. ఇంకో పని చూసుకోమని అమ్మ ఎంత బతిమాలినా వినలేదు. లారీ క్యాబిన్‌లో ఇప్పుడు ఒక దుప్పటి, కట్టు కట్టే గుడ్డలు పెట్టుకుంటాడని, పోయినేడు ముద్దనూరు దగ్గర ఒక ముసలాయన స్కూటరు మీంచి పడితే, గుద్దింది తాను కాకపోయినా దిగి ఆస్పత్రికి తీసుకుపోయాడని క్లీనరు చెప్తే మాకు తెలిసింది. అక్కడ కూడా జనం నువ్వే గుద్దినావా అని మీదికి వచ్చారట. నాయన ఆ ముసలాయన తలను ఒళ్లో పెట్టుకుని అక్కణ్ణుంచి కదల్లేదట.