మావయ్య మరిచిపోయిన గొడుగులు

మావయ్య ఎక్కడికి వెళ్ళినా ఏదో ఒకటి మరిచిపోకుండా తిరిగిరాడు. గొడుగు, కళ్ళజోడు డబ్బా, లంచ్ బాక్స్, ఒకసారి ఏకంగా ఎడమ చెప్పు. ఒంటి చెప్పుతో ఇంటికెలా వచ్చావని మేనకోడలు నిలదీస్తే, "కుడిది ఉంది కదే!" అన్నాడు.

మనుషుల్ని కలపడం ఆయన పని. ఒకవైపు తిరిగి తిరిగి అరిగిపోయే షాఫ్టులతో, తుప్పు పట్టే గొట్టాలతో తలపట్టుకునే ఫ్యాక్టరీలు. మరోవైపు అరగని లోహాలు, పగలని పింగాణీలు తయారుచేసి ఎవరికివ్వాలో తెలియని పరిశోధకులు. ఇద్దరి మధ్య దూరం రెండు వీధులే. కానీ వాళ్ళకు అడగడం నామోషీ, వీళ్ళకు నోరు విప్పడం భయం. సైకిల్ షాపు పైన రెండు గదుల ఆఫీసులో కూర్చుని ఆయన వాళ్ళను కలిపేవాడు. కూర్చుని అనడం అన్యాయం. కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ కలిపేవాడు.

మరిచిపోయినవి వెతికి తేవడం మేనకోడలి ఉద్యోగం. అంతకు ముందు ఆమె కూడా పరిశోధకురాలే. ఇనుము అరగకుండా పింగాణీ పొడితో ఒక పూత తయారుచేసింది. ల్యాబు ముక్కల మీద ఉలి పెట్టి కొట్టినా ఊడని ఆ పూత, ల్యాబు చూడవచ్చిన అతిథుల ముందు, పంపుల ఫ్యాక్టరీ నుంచి తెప్పించిన షాఫ్టు మీద మాత్రం ఉల్లిపొరలా లేచిపోయింది. ఆ సాయంత్రమే థీసిస్ కాగితాలు అటక మీద పడేసి, ఎనిమిది నెలలు గడప దాటలేదు. వాళ్ళమ్మ పోరు పడలేక మావయ్య ఈ ఉద్యోగం ఇచ్చాడు.

ఊళ్ళో ఇన్ని చోట్లుండగా ఆయన మతిమరుపు ఎక్కువగా ఆమె పాత ల్యాబులోనే బయటపడేది.

"మళ్ళీ అక్కడేనా మావయ్యా?"

"ఏం చెయ్యనే, వయసైపోతోంది."

"ఇందాక పదహారు ఫోన్ నంబర్లు కంఠతా చెప్పావుగా?"

"నంబర్లకు కాళ్ళుండవు. గొడుగులకుంటాయి."

ఆమె ఒళ్ళుమండి వెళ్ళేది. మొదట్లో గుమ్మం దగ్గరే గొడుగు లాక్కుని పారిపోయి వచ్చేది. పోగా పోగా ప్రొఫెసర్ గారు "టీ తాగి వెళ్ళమ్మా" అంటే తాగి వచ్చేది.

ఇంతలో పంపుల ఫ్యాక్టరీ గొడవ వచ్చిపడింది. మావయ్య ఊరుకోకుండా అక్కడి షాఫ్టులకు మేనకోడలి పూతే వేయించాడు. ఫ్యాక్టరీ షాఫ్టులు పంపేది, ల్యాబు పూత వేసి ఇచ్చేది. రెండు రోజులు తిరిగేసరికి పూత ఊడేది. మూడోసారీ ఊడాక యజమాని వచ్చి బల్ల చరిచాడు.

"ఈ శనివారం వరకు చూస్తాను. ఆ తర్వాత మీ పూతా వద్దు, మీ పరిశోధకులూ వద్దు!"

అతిథుల ముందు పోయిన పరువు ఇప్పుడు ఊరంతా పోతుంది. మేనకోడలు కుర్చీలో రెండు నిమిషాలు కుదురుగా ఉండలేకపోయింది. ఆ ఇరుకు గదిలో ఇప్పుడు ఇద్దరు తిరగడం మొదలైంది. నాలుగుసార్లు ఢీకొన్నాక, ఆమె కిటికీ వైపూ ఆయన గుమ్మం వైపూ తిరిగేలా ఒప్పందం కుదిరింది.

సోమవారం మధ్యాహ్నం మావయ్య గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "అమ్మాయ్, లంచ్ బాక్స్! పంపుల ఫ్యాక్టరీలో, చిట్టచివరి షెడ్డులో, పాలిష్ బల్ల మీద."

"పాలిష్ బల్ల దగ్గర నీకేం పని?"

"అదీ మరిచిపోయాను."

చివరి షెడ్డులో ముసలి పాలిష్ మేస్త్రి, పూతకు వెళ్ళాల్సిన షాఫ్టును అద్దంలా రుద్దుతున్నాడు. మేనకోడలు గతుక్కుమంది. పూత పట్టుకోవాలంటే ఇనుము గరుకుగా ఉండాలి. గాలితో ఇసుక కొట్టి, గరుకు చేసి పంపమని ల్యాబు రాసి మరీ ఇచ్చింది. వచ్చిన షాఫ్టు మెరుస్తుంటే శుభ్రంగా ఉందనుకున్నారే తప్ప తడిమి చూసినవాళ్ళు లేరు, ఆమెతో సహా.

"తాతా, దీనికి ఇసుక కొట్టలేదా?"

"కొట్టి పాడుచేశారమ్మా. నేను బాగుచేస్తున్నా."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఒకరు చెప్పాలా? ముప్పయ్యేళ్ళుగా నా చేతి మీదుగా గరుకు ముక్క గేటు దాటలేదు. అందులోనూ పెద్ద చదువులవాళ్ళ దగ్గరికి పోయేది! ఆ మధ్య ల్యాబుకు అతిథులొస్తున్నారంటే, ఆ షాఫ్టునైతే పూటంతా రుద్దాను."

ఆమె స్టూలు మీద కూలబడింది. ఎనిమిది నెలలు తను ఏడ్చింది ఈ పెద్దాయన శ్రద్ధకన్నమాట! లంచ్ బాక్స్ చంకన పెట్టుకుని ఆఫీసుకు పరుగెత్తింది.

"ఇప్పుడే యజమానికి చెప్పేస్తాను మావయ్యా!"

"చెప్పు. పూత నిలబడుతుంది. మేస్త్రి ఉద్యోగం నిలబడదు."

మావయ్య ఆమెను వెంటబెట్టుకుని మళ్ళీ ఆ షెడ్డుకే వెళ్ళాడు.

"మేస్త్రిగారూ, ముందు రుద్దితే మీ పనితనం పూత కింద పడి ఎవరికీ కనపడట్లేదండీ. పూత వేశాక పైన నునుపు చెయ్యాలి. అది ల్యాబువాళ్ళ వల్ల కావట్లేదు. మీరే దిక్కు."

"నిజమే కదా! ముందే చెప్పొద్దూ?" అన్నాడు మేస్త్రి, చేతిలోని గుడ్డ పక్కన పెట్టి.

మంగళవారం గరుకు షాఫ్టుకు పూత పడింది. మేస్త్రి దానికి మెరుగు పెట్టాడు. బుధవారం నుంచి అది ఆగకుండా తిరిగింది. శనివారం యజమాని భూతద్దం పెట్టి చూశాడు. పూత చెక్కుచెదరలేదు, పైగా అందులో ఆయన మొహం కనిపించింది.

ఆ సాయంత్రం, సోమవారం నుంచి అలాగే ఉండిపోయిన లంచ్ బాక్స్ కడుగుదామని మేనకోడలు మూత తీసింది. కొత్తది. అందులో ఏనాడూ మెతుకు పడలేదు. అనుమానమొచ్చి బీరువా తెరిచింది. ఒకేలాంటి గొడుగులు ఆరు, ఖాళీ కళ్ళజోడు డబ్బాలు తొమ్మిది, అడుగున మూడు ఎడమ చెప్పులు.

"మావయ్యా! మేస్త్రి సంగతి నీకు ముందే తెలుసా?"

"షాఫ్టులో నా మొహం కనిపించింది. నాకేం తెలుస్తుందే, పరిశోధకులెవరైనా చూస్తే బాగుంటుందనిపించింది."

"మరి ఈ గొడుగులు?"

"ఓహో, ఇక్కడున్నాయా! మరిచేపోయాను."

ఆమెకు కోపం రావాల్సింది. రాలేదు సరికదా, మావయ్య ముద్దొచ్చాడు. ఇంటికి వెళ్ళి అటక మీది కాగితాలు దింపి, దుమ్ము దులిపింది.

సోమవారం పొద్దున్నే మావయ్య అలవాటుగా తల పట్టుకున్నాడు. "అమ్మాయ్, ల్యాబులో మళ్ళీ గొడుగు మరిచిపోయానే."

"ఇప్పుడే వెళ్ళి తెస్తాను."

"తొందరేం లేదు. నీ థీసిస్ పూర్తయ్యాకే తీసుకురా."

"రెండేళ్ళు పడుతుంది మావయ్యా!"

"పట్టనీ," అన్నాడు, గుమ్మం వైపు తిరుగుతూ. "బీరువాలో ఇంకా అయిదున్నాయి."