సిమెంటు రంగు గోడ

అమ్మ హాల్లో గోడ తడుపుతున్నంతసేపూ నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు డైరీలో కూడా ఎండ ఎక్కువగా ఉందని మాత్రమే రాసుకున్నాను.

కర్నూలు పక్కన కల్లూరులో అన్న ఇల్లు కట్టుకున్నాడు. అంతకుముందు అన్న, వదిన, నేను కర్నూల్లో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నేను ఒక చిన్న బడిలో గుమాస్తాను. అమ్మ మాత్రం ఎర్రగుంట్లలో ఒక గది తీసుకుని ఇళ్లు కట్టే బేల్దార్ల వెంట కూలికి పోయేది. నాన్న పోయాక మా ఇద్దరినీ ఆ కూలితోనే చదివించింది. కొత్త ఇంటికి వచ్చి ఉండమని అన్న చాలాసార్లు అడిగితే, చివరికి ఒక షరతు పెట్టి వచ్చింది. చర్చి అయ్యగారు వచ్చి ఇంటి ప్రార్థన చేసేదాకా ఉండి చూస్తుంది. సరిపడితే ఎర్రగుంట్ల గది ఖాళీ చేస్తుంది, లేకపోతే తిరిగి పోతుంది. ఆమె ఉండిపోవాలని ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ కోరుకున్నది నేను. నోరు తెరిచి నేను మాట్లాడేది ఆమె ఒక్కదానితోనే.

వదినకు బూడిద రంగంటే పిచ్చి. గోడలు, పరదాలు, సోఫా, దాని మీది దిండ్లు, చివరికి స్నానాల గదిలో బక్కెట్టు కూడా ఆ రంగుదే కావాలి. ఫోన్లో ఎక్కడెక్కడి ఇళ్ల ఫొటోలు ఏరి దాచుకుంది. ఆ ఇళ్ల కిటికీల బయట మంచు పడుతూ ఉంటుంది. మా కిటికీ బయట ఏప్రిల్ నెల కర్నూలు ఎండ. మధ్యాహ్నం ఆ హాల్లో కూర్చుంటే షట్టరు దించిన గోడౌనులో కూర్చున్నట్టు ఉండేది. అమ్మ తెచ్చుకున్న ఆకుపచ్చ ట్రంకుపెట్టె మొదటి రోజే మెట్ల కిందికి పోయింది. కొత్త సంవత్సరం ఆరాధనలో ఆమెకు వచ్చిన బైబిలు వాగ్దానం కార్డు మీద ఎర్ర గులాబీలు ఉన్నాయి. దాన్ని గోడకు అంటించబోతే వదిన తీసుకుని ఫ్రిజ్జుకు అవతలి పక్క, ఎవరికీ కనిపించని చోట అంటించింది. అమ్మ సోఫా మీద చేయి రాసి, "ముప్పై ఏండ్లు ఈ రంగు తుడిసి తుడిసి నా చేతులు అరిగినాయి. దీన్ని ఏరికోరి తెచ్చుకున్నారా?" అని నాతో అంది. ఎర్రగుంట్లలో మా గది సిమెంటు ఫ్యాక్టరీ లారీల రోడ్డు పక్కనే, ఎప్పుడూ ఆ దుమ్మే. కడిగి బోర్లించిన గిన్నెను కూడా మళ్లీ తుడిచిగాని పొయ్యి మీద పెట్టేది కాదు.

నా గదిలో గోడకు ఒక అలమర ఉంది. అందులో నా పుస్తకాలు. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అన్నిటికీ బూడిద రంగు కాగితంతో అట్టలు వేసి, పొడుగు పొట్టి చూసి పేర్చి ఉన్నాయి. అట్టల మీద పేర్లు లేవు. నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి ఏది ఏదో చూసుకున్నాను. వాటి మధ్య నా డైరీలు. వాటికీ అట్టలే. అంటే వదిన వాటిని తెరిచి ఉంటుంది. తెరిచిన మనిషి చదవకుండా ఉంటుందా? వదిన గుమ్మంలోకి వచ్చి, "ఎట్లుండాది? ఒక థాంక్సు గూడ రాదా నీ నోట్లోంచి?" అంది. థాంక్సు చెప్పాను. చెప్పినందుకు నా నాలుక మీద నాకే అసహ్యం వేసింది.

వదినకు అన్నిటికంటే ముఖ్యమైనది హాల్లో టీవీ వచ్చే గోడ. దానికి మామూలు రంగు కాదు. అచ్చం రంగు వేయని సిమెంటు పూతలాగా కనిపించేటట్టు ఒక పనివాడు నాలుగు రోజులు తాపీ పట్టుకుని మరకలు మరకలుగా పూశాడు. చివరి మెరుపు పూత ప్రార్థనకు ముందు రోజు వచ్చి వేస్తానని, అందాకా చుక్క నీరు కూడా తగలకూడదని చెప్పి పోయాడు. వదిన ఆ మాట నాతో చెప్పి, "మీయమ్మ తడిగుడ్డ పట్టుకోని తిరుగుతా ఉంటాది. ఊరి నుంచి వస్తానే చెప్పు" అంది. సరే అన్నాను. ఆ నాలుగు రోజులూ అమ్మ ఎర్రగుంట్లలో ఎవరిదో పెళ్లికి పోయి ఉంది.

వచ్చాక చెప్పలేదు. మరిచిపోయి కాదు. రెండుసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఏం జరుగుతుందో నాకు తెలుసు. బేల్దార్ల దగ్గర అమ్మ పని పూత పూసిన గోడలు తడపడమే. కొత్త పూతకు పొద్దునా సాయంత్రం నీళ్లు పట్టకపోతే గోడ నెర్రెలిస్తుంది, మేస్త్రీ తిట్లన్నీ ఆమెకే. బంధువుల ఇళ్లకు పోయినా ముందు గోడ తడిమి చూసే మనిషి. పోయేటప్పుడు తెల్లగా ఉన్న గోడ వచ్చేసరికి సిమెంటు రంగులో ఉంది. చెక్కించి కొత్తగా పూయించారనుకుంది.

ప్రార్థనకు రెండు రోజుల ముందు, పొద్దున పది గంటలప్పుడు, అన్న అప్పటికే పనికి పోయాడు. వదిన బజారుకు పోయింది. నాకు బడి సెలవు. అమ్మ గోడ మీద అరచేయి ఆనించి, "ఒక్కరికి గూడ పట్టదు. ఎట్ల ఎండబెట్టినారో" అని తనలో తాను గొణుక్కుంది. సోఫా మీద పాత దుప్పటి కప్పింది. మొక్కలకు పట్టే పైపు లోపలికి లాక్కొచ్చి, మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, పై నుంచి కిందికి ఒక్క చోటు వదలకుండా తడిపింది. పూత కరిగి చారలు చారలుగా జారింది. అది జారుతుంటే నాకు ఎంత సంతోషం వేసిందో ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. నా పుస్తకాలకు అట్టలు వేసిన చేతులు ఈ గోడను చూసి ఏం చేస్తాయో చూడాలనిపించింది. ఆ తిట్లు ఎవరి మీద పడతాయో ఆలోచించలేదు. ఆలోచించలేదంటే అబద్ధం. ఆలోచించి కూడా కదలలేదు.

వదిన వచ్చి సంచులు కింద పెట్టింది. "ఏందత్తా ఇది?"

"నీళ్లు కొట్టినా. మీరెవరూ సూసుకోల్యా," అంది అమ్మ, పని ముగించిన మనిషి గర్వంతో.

వదిన కేకలు వేయలేదు. అమ్మ దగ్గరికి వచ్చి, ఆమె కళ్లలోకి చూస్తూ, "ఇది సిమెంటు కాదత్తా, రంగు. నీకు యాడ జూసినా ఎర్రగుంట్లే కనపడతాది," అంది. అమ్మ గోడ వంక, పైపు వంక చూసి, నేల మీది నీళ్లు గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. ఎండిన తర్వాత ఆ గోడ వాన నీళ్లు దిగిన బాత్రూము గోడలా తయారైంది. మళ్లీ మొదటి నుంచి చేయాలని, ప్రార్థన లోపల కాదని పనివాడు ఫోన్లో చెప్పాడు.

ప్రార్థన రోజు కడప నుంచి వదిన పుట్టింటివాళ్లంతా వచ్చారు. మా అయ్యగారు వాక్యం చదివి, ఇంటిని ఆశీర్వదించి, ఆ గోడ దగ్గర ఆగారు. పాపం, మంచి మనసుతోనే, పూత ఇంకా ఆరినట్టు లేదని, తొందరపడకుండా ఆరాకే రంగులు వేయించుకోమని అన్నకు సలహా చెప్పారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వదిన మొహం గోడ రంగుకు తిరిగింది. ఆమె కోరుకున్న రంగే కదా అని నేను లోపల అనుకున్నాను.

అయ్యగారు వెళ్లిపోయాక, భోజనాల దగ్గర, వదిన అందరి ముందూ పంచాయితీ పెట్టింది. నీళ్లు తగలనీయొద్దని ముందే చెప్పించానని, కావాలనే చెడగొట్టారని అంది. తనకెవరూ చెప్పలేదని అమ్మ అంది. వదిన విస్తరి ముందు నుంచి లేచి నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పినావా, లేదా?"

అందరూ తినడం ఆపి నన్ను చూశారు. అంతమంది ఒకేసారి నన్ను ఎప్పుడూ చూడలేదు. చెప్పానన్నట్టు తల ఊపాను.

అమ్మ చేతిలో సాంబారు గరిటె ఉంది. నన్ను కొంచెంసేపు చూసింది. "అయితే నేనే మరిసిపోయింటా," అని పక్క విస్తరిలో సాంబారు పోసింది. వదిన తల్లి మా అన్నతో, పెద్దవాళ్లకు మతిమరుపు వస్తే కష్టమే అని నెమ్మదిగా అంది. అమ్మకు యాభై మూడేళ్లు. ఏ ఇంటికి ఏ గోడ ఎన్నో రోజున తడిపిందో ఇప్పటికీ చెప్పగలదు. అన్న తల వంచుకుని తింటూ పోయాడు.

మర్నాడు పొద్దున్నే అమ్మ మెట్ల కింద నుంచి పెట్టె తీసుకుంది. అన్న ఉండమన్నాడు, ఒకసారి. వదిన లోపల గదిలోంచి రాలేదు. షేర్ ఆటో దగ్గరిదాకా పెట్టెకు ఒక పక్క నేను పట్టుకున్నాను. దారిలో నేనే అన్నాను, నేనూ వస్తాను, అక్కడే ఏదైనా బడిలో పని వెతుక్కుంటానని. అంత పెద్ద మాట నా అంతట నేను అనడం అదే మొదటిసారి. ఆమె పెట్టెను ఆటోలోకి తోసి, ఎక్కి కూర్చుని, చీర కొంగు సర్దుకుంది.

"వద్దు. నీకంటే మీ వదిన నయం. తిట్టాలనుకుంటే మొగం మీదనే తిడతాది."