ముప్పావు స్పీడులో అమ్మమ్మ పాట

వీడియో మధ్యలో యాడ్ వస్తే నాకు ఒళ్లు మండుతుంది. మంచి పట్టులో ఉండగా ఎవడో వచ్చి పళ్లపొడి అమ్ముతాడు. అందుకే నా ఫోన్‌లో యాడ్లు రాకుండా చూసే బ్రౌజర్ ఒకటి, దానికి తగిలించే చిన్న చిన్న యాడాన్లు నాలుగు వెతికి పెట్టుకున్నాను. బొంబాయి కామాటిపురాలో మా చాల్, అంటే వరసగదుల పాత బిల్డింగు, మూడు అంతస్తులకూ ఈ విషయంలో నేనే వైద్యురాలిని. గ్రాంట్ రోడ్ దగ్గర ఒక దవాఖానాలో పేషెంట్ల పేర్లు కంప్యూటర్‌లో ఎక్కించే ఉద్యోగం నాది. సాయంత్రం మెట్లెక్కి రాగానే గదుల ముందరి గ్యాలరీలో ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని నిలబడి ఉంటారు. "బిడ్డా, దీంట్ల గూడ గా యాడ్లు బంద్ చెయ్‌రాదు" అంటారు. నేను సణుగుతూనే చేసిపెడతాను.

ఇంత పేరున్నదాన్ని, సొంత తల్లి ఫోన్ మాత్రం ఎన్నడూ ముట్టలేదు. దీపం కింద చీకటి. అయితే అమ్మకు ఫోన్‌తో పెద్దగా పని కూడా ఉండేది కాదు. పొద్దున లేచింది మొదలు మధ్యాహ్నం దాకా జొన్నరొట్టెలు చేస్తుంది. నాగ్‌పాడా వైపు లేస్తున్న బిల్డింగుల్లో పనిచేసే పాలమూరు కూలీలు వచ్చి పట్టుకుపోతారు. మా అమ్మమ్మ కూడా ఒకప్పుడు అలా సిమెంటు మాల్ తట్ట మోయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. అమ్మ ఇక్కడే పుట్టింది.

అసలు గొడవ బతుకమ్మ పండగకు నెల ముందు నల్లా దగ్గర మొదలైంది. మా చాల్ నడుమ ఉన్న ఖాళీ జాగాలో ఏటా బతుకమ్మ ఆడతారు. ఆడతారు గానీ పాడరు. పెద్ద స్పీకరు డబ్బా పెడతారు, అది గుండెలదిరేలా మోగుతుంటే ఆడవాళ్లంతా దాని వెంట ఉరుకుతారు. డబ్బా మీద పెత్తనం కింది ఖోలీలో, అంటే కింది గదిలో ఉండే అత్తది. ఆ రోజు నీళ్లు పట్టుకుంటూ అమ్మ ఊరికే ఉండక, "మా అమ్మ పాట ఒకటుండె. డబ్బా బంద్ చేసి నోటితోని పాడుకుంటే ఎంత మంచిగుంటది" అంది.

అత్త పకపకా నవ్వింది. "మొత్తం వస్తదా వదినె నీకు? ఏటా రెండు లైన్లు పాడుతవు, మూడో లైనుకు నీళ్లు నములుతవు. మొత్తం పాడు, గా దినం నా డబ్బా బంద్. లేకుంటే మల్ల జన్మల డబ్బా మాట ఎత్తొద్దు."

"పాడుత, సూస్తుండు" అంది అమ్మ, పది బిందెల సాక్షిగా.

ఇంటికొచ్చి పీట మీద కూలబడింది. నిజంగానే ఆమెకు రెండు లైన్లే వచ్చు. పాటలో, పూలకని పోయిన చెల్లెలు వానలో చిక్కుకుని, దారిలో ఒక్కొక్క చెట్టునూ నీడ అడుగుతుంది. మొదటి చెట్టు ఏదో అమ్మకు తెలుసు, మిగతా ఆరు తెలియవు. అమ్మమ్మ ఉన్నన్నాళ్లు పాట ఎక్కడికి పోతుందిలే అనుకుంది. "ఆమెతోనే పాయె" అని కళ్లు తుడుచుకుంది. నాకు పాపమనిపించింది. అంతకంటే ఎక్కువగా, కింది ఖోలీ అత్త నవ్వు మీద కోపం వచ్చింది.

ఆ రెండు లైన్లను తెలుగులో, ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పుగా, ఒప్పుగా టైపు చేసి మూడు రోజులు వెతికాను. చివరికి పాలమూరు దిక్కు ఏదో ఊరి వీడియో దొరికింది. అరుగు మీద కూర్చున్న ఒక ముసలామె, సగం ముఖం తెర బయటే, పక్కన ఒక మేక. ఏడు చెట్లూ ఉన్నాయి. అమ్మకు వినిపిస్తే రొట్టె కొట్టే చెయ్యి గాల్లో ఆగిపోయింది. "గిదే బిడ్డా, గిదే!" అంది. మరుక్షణమే నొసలు ముడిచింది. "పాట గిదే గని, గీమె గింత ఉరుకుతదేంది?"

మాటలు అందడం లేదని అంటోందనుకున్నాను.

మూడో చెట్టు దగ్గరికి రాగానే సబ్బు యాడ్ వచ్చింది. అమ్మ చేతులకు మోచేతుల దాకా పిండి. నేను ఇంట్లో లేని పొద్దున పూటల్లో ఆమె ఏం చేసేదో తర్వాత తెలిసింది. యాడ్ దాటెయ్యాలని వంగి ముక్కుతో నొక్కేది. ముక్కు పోయి సరిగ్గా యాడ్ మీదే పడేది, సబ్బుల దుకాణం తెరుచుకునేది. ఆ సబ్బును వదిలించుకునే లోపల పెనం మీద రొట్టె మాడిపోయేది. కాస్త ఆలస్యమైతే తెర ఆరిపోయి పాటే ఆగేది. "వానల తడుస్తున్నది గా పిల్ల, ఈడు సబ్బు అమ్ముతడు" అని నామీద అరిచింది, ఆ సబ్బు నేనే చేసినట్టు.

తొందరలో నేనొక తెలివితక్కువ పని చేశాను. యాడ్లన్నీ ఆపుతానని గొప్పలు చెప్పుకున్న ముక్కూ మొహం తెలియని యాప్‌ను ఎక్కడినుంచో దింపి అమ్మ ఫోన్‌లో పెట్టాను. కంచే చేను మేసింది. ఫోన్ తాళం తీయకముందే అప్పు కావాలా అని అడగడం మొదలుపెట్టింది. చాల్‌లో నా వైద్యం పరువు పోకుండా గుట్టుగా దాన్ని పీకేసి, నా ఫోన్‌లో ఉన్న బ్రౌజరే అమ్మకూ పెట్టాను. దానికి మూడు యాడాన్లు తగిలించాను. ఒకటి యాడ్లు ఆపుతుంది. ఒకటి తెర ఆరినా పాట నడిపిస్తుంది. మూడోది కావలసిన ముక్కను మళ్లీ మళ్లీ తిప్పుతుంది, వేగం కూడా తగ్గిస్తుంది. మాటలు అందేలా వేగాన్ని ముప్పావుకు తగ్గించాను. ఒకసారి పెట్టిన వేగాన్ని అది మరిచిపోదని కూడా నేనే మురిసిపోయాను. వారం తర్వాత మామూలు వేగానికి మార్చాలనుకున్నాను. మరిచిపోయింది నేనే.

ఇక ఫోన్ గూట్లో ఉండేది, పాట తిరుగుతుండేది, దాని దరువుకే రొట్టె పడేది. ముసలామె గొంతు కొంచెం బరువుగా సాగినట్టుండేది గానీ ముసలి గొంతు కదా అనుకున్నాను. ఒక ఆదివారం రొట్టెల కోసం వచ్చిన కూలీ ఒకాయన గుమ్మంలో నిలబడి విని, "మా దిక్కు పాటనే అమ్మా. అయితే మావోళ్లు గింత నిమ్మళంగ పాడరు" అన్నాడు. "నీకు ఆకలైతున్నది గని, రొట్టెలు తీస్కో" అంది అమ్మ. అప్పుడైనా నాకు వెలగలేదు.

పండగ నాటి సాయంత్రం గునుగుపూలు దొరక్క బంతిపూలే ఎక్కువగా పేర్చిన బతుకమ్మలను జాగా నడుమ పెట్టారు. అత్త మాట తప్పలేదు. డబ్బా ఆపింది, కానీ రిమోటు చేతిలోనే పెట్టుకుంది. అమ్మ గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

మొదటి చెట్టుకే గందరగోళం. డబ్బా పాటలకు అలవాటైన కాళ్లు ముందుకు పోయాయి, పాట వెనక మిగిలింది. ఒకరి చప్పట్లు ఇంకొకరికి కలవలేదు. పిల్లలు కిసుక్కుమన్నారు. అప్పుడు నా తలలో ఉరుము ఉరిమినట్టయింది. ముప్పావు! అమ్మ పాటను ఒక్కదాన్నే కాదు, నేను తగ్గించిన వేగాన్ని కూడా కలిపి బట్టీ పట్టింది. నలుగురిలో అమ్మ నవ్వులపాలైతే ఆ పాపం నాదే. అత్త బొటనవేలు రిమోటు మీదికి పోవడం చూశాను. "అమ్మా, జల్దీ, జల్దీ" అని సైగ చేశాను. అమ్మ నా దిక్కు చూడనే లేదు. కళ్లు మూసుకుని రెండో చెట్టుకు పోయింది.

గోడ పక్కన కుర్చీ కిర్రుమంది. మూడో అంతస్తు అవ్వ లేచింది. మా అమ్మమ్మతో కలిసి తట్టలు మోసినవాళ్లలో ఆమె ఒక్కతే మిగిలింది. డబ్బా వచ్చిన నాటినుంచి ఏటా ఆ కుర్చీలో కూర్చుని చూడడమే తప్ప ఆడింది లేదు. చీర కొంగు నడుముకు దోపుకుని వచ్చి వరుసలో నిలబడింది. పాటకు సరిగ్గా అడుగు వేసింది, సరిగ్గా చప్పట్లు కొట్టింది. ఆమె వెనకే మోకాళ్ల నొప్పులవాళ్లు ఇంకో ఇద్దరు లేచారు. నాలుగో చెట్టుకల్లా పడుచువాళ్లంతా వాళ్ల అడుగులు చూసి తమ అడుగులు సర్దుకున్నారు. ఐదో చెట్టు దగ్గర అత్త రిమోటును నా చేతిలో పెట్టి తానూ కలిసింది. అమ్మ ఏడు చెట్లూ పాడింది, ఒక్క మాట కూడా తప్పలేదు.

పాట అయ్యాక అవ్వ ఆయాసపడుతూ అమ్మ చెంపలు రెండు చేతులతో పట్టుకుంది. "అచ్చం మీ అమ్మనే బిడ్డా. గిట్లనే పాడుతుండె. నెత్తి మీద మాల్ తట్ట, కింద నిచ్చెన. ఉరికి పాడితే దమ్ము నిలుస్తదా? అడుగుకొక్క మాట. ఊర్ల ఉరికే పాటనే, బొంబాయికొచ్చినంక మెల్లగైంది."

అమ్మ చిన్నపిల్లలా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికేముంది.

ఇంటికొచ్చాక తప్పు ఒప్పుకున్నాను. ఫోన్ తీసి, వేగం మార్చి, ముసలామె పాట అసలు ఎలా ఉంటుందో వినిపించాను. అమ్మ సగం దాకా విని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆమె తప్పు లేదు, నీ తప్పు లేదు" అంది. "ఆమె నెత్తి మీద తట్ట లేదు గద."

వేగాన్ని మళ్లీ ముప్పావుకు పెట్టి ఫోన్‌ను గూట్లో పెట్టేశాను.