పుంజు విన్న మూడు అబద్ధాలు

నేను పాపిని. మా క్రైస్తవ సంఘంల అందరం అనుకునే మాటే. కానీ నా పాపానికి ఈకలున్నయి, తోకుంది, కూత కూడా ఉంది. ఆ పాపం ఎట్ల జరిగిందో వినండి, నవ్వొస్తే ఆపుకోకండి.

డెబ్బైల్లో మాట. నాయిన టైఫాయిడ్ నుంచి లేచిండని, కోత పండుగకు మందిరంల పుంజును అర్పిస్తానని అమ్మ మొక్కుకుంది. "మంచిది చూసి తే బిడ్డా. ఉత్త చేతులతో వస్తే దేవుని ముందర నాకు ముఖం లేదు" అన్నది.

పాతబస్తీల జుమ్మేరాత్ బజార్‌కు పోయి, హవల్దారు మీసాల్లాంటి తోకున్న పుంజును కొన్న. కాలికి తాడు కట్టి, సంకల పెట్టుకొని నేరుగా ఇంటికి పోతే ఈ కథే లేదు. పాత సామాన్లమ్మే ఖాదర్ భాయ్ దగ్గర ఆగిన. అక్కడొక నిలువుటద్దం. మా పుంజు అందులో ఇంకో పుంజును చూసింది.

ఒక్కటే ఎగురుడు! ముడి ఊడి తాడు నా చేతిలనే మిగిలింది. ధన్‌మని చప్పుడు. అద్దం పోయింది, నేనూ పోయిన అనుకున్న.

"ఎవర్దిది? నీదా?" అన్నడు ఖాదర్ భాయ్.

"నాది కాదు భాయ్."

పక్కన బొంతలమ్మే ఎల్లమ్మక్క ఊకుంటదా? "గిప్పుడే సంకల పెట్టుకొని వస్తివి గదా తమ్మీ!"

"ఇంకెవర్నో చూసినవక్కా."

"మరి చేతుల ఆ తాడేంది?"

"తాడు ఊరికే పట్టుకున్న. ఆ కోడెవరో నాకు తెల్వనే తెల్వదు!"

బీరువా మీదికెక్కిన పుంజు మెడ సాచి, "కొక్కొరొక్కో!"

ఇంటిదొంగను దేవుడు కూడా పట్టలేడంటరు. బజారు దొంగను పుంజు పట్టింది. బైబిల్ల, కోడి కూసేలోపు మూడుసార్లు తన గురువునే "ఆయనెవరో తెల్వదు" అన్న శిష్యుని కథ, ఆదివారం బడిల పిల్లలకు చెప్పేది ఎవరనుకున్నరు? నేనే! సగం బజార్ చూస్తుండంగ వెక్కి వెక్కి ఏడ్చిన. "నాదే భాయ్" అని ఒప్పుకున్న.

"అరే మియా, రోతే కైకూ? ఏడుపెందుకు? పడ్డది ఇత్తడి తాంబాళం, అద్దానికేం కాలే. కోడి ఎవర్దో తెలిస్తే ఇద్దామనే అడిగిన. ఇంకోసారి కాదంటే మా ఇంట్ల కోడికూర దావతే!" అని పుంజును పట్టి నా సంకల పెట్టిండు.

కోత పండుగ ఆదివారం మందిరంల అందరం కళ్లు మూసుకొని ప్రార్థనల ఉన్నం. ఉన్నట్టుండి, "కొక్కొరొక్కో!"

అయ్యగారు ప్రార్థన ఆపి, "ఎవరిదది?" అన్నరు.

ఎగిరి లేచిన. "నాదే అయ్యగారూ! నాదే! నాదే!"

ఆడోళ్ల వైపు నుంచి అమ్మ గొంతు: "కూసో బిడ్డా! మనది నా గంపల నిద్రపోతుంది. కూసింది యోహాను తాతది!"

మందిరమంతా గొల్లుమంది. అయ్యగారు బైబిలు అడ్డం పెట్టుకొని నవ్విన్రు.

ఆ రోజే తీర్మానించుకున్న: ఏ కోడి కూసినా, ముందు దాని ముఖం చూసినంకనే నోరు తెరవాలె. ఒట్టు పెట్టుకోవద్దని మాకు ఆజ్ఞ. అందుకే అవునంటే అవును, కాదంటే కాదు. అదీ, గంప ఎత్తి చూసినంకనే.