నా గుప్పెడు బియ్యం మళ్లీ తెచ్చాను

సహోదరులారా, సహోదరీలారా, దేవునికే మహిమ! నేను భట్టిప్రోలులో బట్టలు కుట్టుకుని బతికే సువార్తమ్మను. కోపం చల్లారాక సాక్ష్యం చెబుదామనుకున్నాను, అది చల్లారలేదు, అందుకే కోపంతోనే చెబుతున్నాను.

పోయిన వర్షాకాలం నా కళ్లు పచ్చబడ్డాయి, నాలుగు అడుగులేస్తే ఆయాసం, మూత్రం డికాక్షన్ రంగులో వచ్చేది. పచ్చకామెర్లన్నారు. ఊరందరిలాగే నేనూ పసరు మింగి, ఉప్పు మానేసి మూడు వారాలు చప్పిడి పత్యం చేశాను, అయినా మిషను తొక్కే ఓపిక కూడా పోయింది. పసరుకు లొంగలేదంటే అది రోగం కాదు, దాచిన పాపమని మన స్త్రీల సమాజంలో మాట పుట్టింది! పూటపూటా ఎసట్లో పోసేముందు దేవుని పేర తీసిపెట్టే గుప్పెడు బియ్యం, మా అత్తగారి నాటి నుంచి ఒక్క ఆదివారమూ తప్పనిది, నేను తెస్తే గుడిలో బియ్యం పోయించుకునే సంచి మూతి ముడిచేశారు.

"ముందు ఒప్పుకో వదినా, తర్వాత తీసుకుంటాం."

ఏం ఒప్పుకోనండి? ఆ వారమంతా మంచం మీద పడుకుని, లేని పాపం కోసం వెతుక్కున్నాను.

చివరికి మిషను మీదే ఒరిగిపోతే మా చెల్లి ఆటోలో తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఒంట్లో రక్తం బాగా తగ్గిందని ఎక్కిద్దామంటే, ఏ రక్తం తెచ్చి చూసినా నా రక్తంతో కలవలేదు. అప్పుడు డాక్టరమ్మ చెప్పింది.

"మీ లివర్ బాగానే ఉందమ్మా. ఒంటిని కాపాడాల్సిన కణాలే మీ ఎర్ర రక్తకణాలను పరాయివనుకుని చంపేస్తున్నాయి. అవి విరిగిపోతుంటేనే కళ్లు పచ్చబడ్డాయి. ఎందుకు మొదలవుతుందో చాలాసార్లు మాకే తెలియదు. మీ తప్పేం లేదు."

ఆ చివరి మాటకు నేను భోరున ఏడ్చాను. ఆ ఆసుపత్రి మంచం మీదే ప్రార్థించాను: "ప్రభువా, లోపలా బయటా నా కాపలావాళ్లే నన్ను చంపుతున్నారు. నువ్వన్నా నన్ను నీదాన్నని గుర్తుపట్టు."

ఆయన గుర్తుపట్టాడు! స్టెరాయిడ్ మందు మొదలుపెట్టి, ఉన్నవాటిలో నయమనిపించిన రక్తాన్ని మెల్లగా ఎక్కించారు, క్రిస్మస్ నాటికి నా కళ్లు తెల్లబడ్డాయి. డాక్టరమ్మ చెప్పినట్టు మాత్రలు ఇంకా కొద్దికొద్దిగా తగ్గిస్తూ వాడుతున్నాను, ఆ మందు ఇచ్చిన చెయ్యీ దేవుడు పంపిందే.

సంఘం క్రీస్తు శరీరమని ప్రతి ఆదివారం వింటాం. ఆ శరీరానికీ నా జబ్బే వచ్చింది, తనవాళ్లనే పరాయివాళ్లనుకుంది. ప్రభువును నమ్మండి, ఆయన పొరబడడు. రేపు ఎవరి కళ్లైనా పచ్చబడితే పాపం వెతక్కండి, ఆటో పిలవండి, ప్రార్థన ఆటోలో చేయండి.

ఇదిగో, నా గుప్పెడు బియ్యం మళ్లీ తెచ్చాను. సంచి మూతి విప్పండి.