ఆలూరులో అక్క పెట్టించిన చార్జింగ్ ప్లగ్గు

ఉద్యోగంలో చేరాక ఆదివారం ప్రార్థనకు చర్చిలో అక్క పక్కన చాప మీద కూర్చున్నది లేదు. మెహదీపట్నంలో నేను అద్దెకుండే ఇంటి ఓనరు కారు చార్జింగ్‌కు ఒప్పుకోడు. పాత ఎలక్ట్రిక్ కారు కొన్నప్పటి నుంచి నాకు దిక్కు మొయినాబాద్ దగ్గరి చార్జింగ్ స్టేషనే. ఆదివారం అక్కడ ఫామ్‌హౌస్‌లకు వచ్చే కార్ల వరుస తెమలదు. అందుకని అక్క ఉండే ఆలూరు వెళ్లినప్పుడల్లా శనివారం సాయంత్రమే తిరిగి బయలుదేరేదాన్ని. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. అక్క బంతిపూలు కోసి నన్ను చదివించింది. మొన్న ఫోన్‌లో, "వాకిట్ల ప్లగ్గు పెట్టిచ్చిన. ఈసారన్న పండుకొని పో" అంటే కాదనలేకపోయాను.

శనివారం పొద్దున తొమ్మిదింటికి బయలుదేరాను. చేవెళ్ల దాటి ఆలూరు చేరేసరికి గంటన్నర పట్టింది. దారిలో మొయినాబాద్‌లో ఆగలేదు. బ్యాటరీలో మళ్లీ మొయినాబాద్ చేరేంత మాత్రమే మిగిలింది.

ప్లగ్గు వాకిట్లోని పశువుల కొట్టం గోడకు ఉంది. కేబుల్ తగిలిస్తే చార్జర్ మీద ఎర్ర లైటు వెలిగింది. కారు కరెంటు తీసుకోవడం లేదు.

"ఏమైందే?" అంది అక్క.

"ఎర్తింగ్ అందుతలేదక్కా."

"ఎట్ల అందది? గుంత తవ్వి ఉప్పు, బొగ్గు ఏసి పూడ్చిండ్రు. నేను దగ్గరుండి చూసిన."

"మరి నీళ్లు పోసినవా?"

"కరెంటు గుంతల నీళ్లెవరు పోస్తరే? తడిస్తే షాక్ కొడ్తదని బరకం కప్పిన."

గుంతలో తడి ఉంటేనే ఎర్తింగ్ అందుతుందని చెప్పి స్విచ్ ఆపాను. కప్పిన బరకం పట్టా తీసి, ఇద్దరం బిందెలతో నీళ్లు పోశాం. "బంతితోట కన్న దీనికే ఎక్కువ దూప ఉన్నది" అని అక్క నవ్వింది. స్విచ్ వేస్తే మళ్లీ ఎరుపే. నేను తాళంచెవి చేతిలోకి తీసుకోవడం ఆమె చూసింది.

"పోతవా?"

"జర సేపు చూద్దాం."

ఇంకోసారి పోసి, అన్నం తినడానికి కూర్చున్నాం. అక్క ముద్ద ముద్దకూ వాకిలి వైపు చూసింది. తిన్నాక స్విచ్ వేస్తే పచ్చ లైటు వెలిగింది. అక్క లోపలికి వెళ్లి నా కోసం దాచిన దుప్పటి తెచ్చి దులిపింది.

"తెల్లారేదాక నిండుతదా?"

"మెల్లగ ఎక్కుతదక్కా."

"ఎక్కనీ. తొందరేమున్నది."

మర్నాడు చర్చిలో చాప మీద ఆమె మోకాలు నా మోకాలికి తగులుతూనే ఉంది. నేను బైబిలు చదువుతుంటే అక్షరాల కింద వేలు పెట్టి వెంట వచ్చింది. మధ్యాహ్నం నిండు బ్యాటరీతో బయలుదేరాను. ఇన్నాళ్లూ చార్జింగ్ కోసమే తొందరపడ్డాననుకున్నాను. ఆ ఇబ్బంది తీరిపోయినా చేవెళ్ల దాటుతుంటే కారు వెనక్కి తిప్పాలనిపించింది. ఒక్క రాత్రి ఉంటే చాలనుకున్నాను, అది చాలదని తెలిసింది.

ఊళ్లో చార్జింగ్ పెట్టించుకునేవారికి ఒక్క మాట. పదిహేను ఆంప్స్ ప్లగ్గు ఒక్కటే సరిపోదు, ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టి చూపించుకోండి. గుంత తడి ఆరనివ్వకండి. అక్క రోజూ ఒక బిందె పోస్తోందట. వచ్చే రెండు వారాలూ నాకు సెలవు లేదని చెప్పాను. అయినా పోస్తోంది.